పైకప్పు లేని బండి

(చదువవలసిన భాగములు: యోవేలు 2:25; లూకా 12:13–21; అపొస్తలుల కార్యములు 8:26–39; యాకోబు 2:1–4)



ఈ మాసపు ధ్యానమునకు మేమెన్నుకొన్న విషయమును చూచి మీలో కొందరు నవ్వుదురేమో. అమెరికా దేశపు పాతకాలపు షికారు కారును గూర్చి గ్రామ సంఘముల పత్రికలో వ్రాయనేల? అని అడుగుదురేమో. అయితే ఈ ప్రశ్నను మేము వెదకికొని పోలేదు. అదియే మా గుమ్మమునకు వచ్చినది.

మా సంఘములో పుట్టి పెరిగి, 30 ఏండ్లుగా అమెరికాలో పని చేయుచున్న సహోదరుడొకడు గలడు. ఆయన మాకొక జాబు పంపి, దానితోకూడ ఒక ఛాయాచిత్రమును పంపెను. అందులో ఎఱ్ఱని కారొకటి యున్నది. దానికి పైకప్పు లేదు. సీట్లు రెండే. ఆయన వ్రాసినది యిది: “పాస్టరు గారూ, ఇది 1962వ సంవత్సరపు కార్వెట్ కారు. చిన్ననాటినుండి నాకు దీనిమీద ఆశ. పిల్లల చదువులైనవి, పెండ్లిండ్లైనవి. అమ్మకు ఇల్లు కట్టించినాను. దేవుని భాగమును ఎన్నడును తప్పించలేదు. దీనికొరకు అప్పు చేయనక్కరలేదు. అయినను నా మనస్సు నెమ్మదిగా లేదు. అవసరము లేని వస్తువును ఇంత సొమ్ము పోసి కొనుట పాపమా? సూటిగా చెప్పండి.”

మేము సూటిగానే చెప్పితిమి. ఆ సాయంకాలమే కూర్చుండి, పంట విస్తారముగా పండగా కొట్లు విప్పి పెద్దవి కట్టించుకొనదలచిన ధనవంతుని ఉపమానమును ఎత్తి, రెండు పుటల జాబు వ్రాసి పంపితిమి. ఆ రాత్రి మంచి పని చేసితిమని తలంచి సుఖముగా నిద్రించితిమి.

వారము తిరుగకమునుపే ఆ సహోదరుని తల్లి ప్రార్థనకూటము ముగిసిన తరువాత మా యొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, మావాడు బండి కొనుక్కోవచ్చా అని అడిగితే మీరు ధనవంతుడి ఉపమానం రాశారంట. ఫోనులో చదివి వినిపించాడు,” అనెను.

“అవునమ్మా. తప్పుగా రాశామా?”

“తప్పని నేనెట్టా అంటానండీ. కానీ మీరు వాడి కొట్లు చూశారు గానీ, వాడి నాన్నను చూడలేదు గదండీ.”

పిమ్మట ఆమె చెప్పిన సంగతి యిది. ఆమె భర్త ఒక రైతునొద్ద పాలేరు. ఆ రైతు బండిని తోలువాడు. పిల్లవాడు బడి విడువగానే పరుగెత్తికొని పోయి, నొగలమీద తండ్రి ప్రక్కను కూర్చుండువాడు. రైతు ఎదురుపడినయెడల “దిగరా” అని ఒక్క మాట. పిల్లవాడు దిగి, బండి వెనుక దుమ్ములో నడుచువాడు. తండ్రి వెనుకకు తిరిగి చూచువాడు కాడు.

“చూస్తే కళ్లనీళ్లు ఆగవని చూసేవాడు కాదండీ. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, ‘మనకూ ఒక బండి ఉంటుందిలేరా, అప్పుడు నిన్ను ఎవరూ దిగమనరు’ అనేవాడు. మిషను బంగళా చిత్తుకాగితాల్లో అమెరికా పుస్తకం ఒకటి దొరికితే, అందులో ఈ బండి బొమ్మ చించి మావాడు గోడకంటించుకున్నాడు. రెండే సీట్లు గదా అంటే, ‘ఒకటి నాకు, ఒకటి నాన్నకు’ అనేవాడు. వాడి మొదటి జీతం రాకముందే వాళ్ల నాన్న వెళ్లిపోయాడండీ.”

ప్రియులారా, మాకు మాట రాలేదు. ఆ వస్తువేమిటో తెలిసికొనకయే, దానిని కోరు మనుష్యుని హృదయమును తెలిసికొనకయే తీర్పు తీర్చితిమి. కాబట్టి మరల మొదటినుండి విచారింపదలచితిమి. ఆ విచారణనే మీ యెదుట పెట్టుచున్నాము.

మొదట ఆ బండి సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లాండులో నుండిన అమెరికా సైనికులు అచ్చటి చిన్న చిన్న స్పోర్ట్సు కార్లను చూచి ముచ్చటపడిరి. కొందరు వాటిని తమ దేశమునకు తెచ్చుకొనిరి. ఆ కాలమందు అమెరికా కార్లు పెద్దవి, బరువైనవి, కుటుంబమంతయు ఎక్కునవి. జనరల్ మోటార్సు కంపెనీలో కార్ల రూపకల్పనకు పెద్దగా నుండిన హార్లీ ఎర్ల్ అనునతడు తమ దేశములోను అట్టి బండి యొకటి తయారు కావలెనని తలంచెను. 1953 జనవరిలో న్యూయార్కు నగరమందలి వాల్డార్ఫ్-ఆస్టోరియా హోటలులో జరిగిన ప్రదర్శనమున షెవ్రొలే వారి కార్వెట్ బండిని జనులు మొదటిసారి చూచిరి. ఆ యేడు జూన్ 30న మిషిగన్ రాష్ట్రములోని ఫ్లింట్ పట్టణమునందు మొదటి బండి తయారై బయటికి వచ్చెను. ఆ సంవత్సరము చేసినవి 300 మాత్రమే. అన్నిటికి వెలుపల తెలుపు, లోపల ఎరుపు. వెల సుమారు 3,500 డాలర్లు.

దాని పైదేహము ఇనుపరేకు కాదు. గాజునారను రసాయనపు జిగురుతో కలిపి అచ్చుపోసిన ఫైబర్‌గ్లాసు. గనుక పైదేహము తుప్పు పట్టదు. అయితే దాని క్రింద బరువు మోయు చట్రము ఉక్కుదే, అది తుప్పు పట్టును. కాబట్టి పాత కార్వెట్ కొనబోవు తెలివిగలవాడు పైమెరుగును చూచి మోసపోక, నేలమీద పండుకొని క్రింది చట్రమును చూచునట. మనుష్యులను పరీక్షించుటకును ఇది మంచి పద్ధతియే.

మొదటి కార్వెట్ బండ్లకు చూపు గలదు గాని దానికి తగిన బలము లేదు. తలుపులకు వెలుపల పిడి లేదు. వాన వచ్చినప్పుడు ఎక్కించుటకు ప్రక్క అద్దములు లేవు, తెరలు తగిలించుకొనవలెను. 1955లో 700 బండ్లు మాత్రమే తయారైనవి. ఆ యేటనే ఫోర్డు కంపెనీవారి థండర్‌బర్డ్ అను రెండు సీట్ల బండి 16,000కు పైగా తయారయ్యెను. కార్వెట్ పని ముగిసినదని అనేకులు తలంచిరి. దానిని నిలువబెట్టినవారిలో ముఖ్యుడు జోరా ఆర్కస్-డుంటోవ్ అను ఇంజనీరు. ఇతడు రష్యా దేశపు యూదులైన తలిదండ్రులకు బెల్జియములో పుట్టినవాడు. 1940లో ఫ్రాన్సు దేశము జర్మనుల వశమైన పిమ్మట తప్పించుకొని అమెరికా చేరినవాడు. తన దేశమని చెప్పుకొనుటకు స్థలము లేకుండ తిరిగిన పరదేశి ఆ దేశపు బండిని తన బిడ్డవలె పెంచెను. 1962వ సంవత్సరమున 14,531 కార్వెట్ బండ్లు తయారయ్యెను. అవన్నియు పైకప్పు మడచుటకు వీలైనవే. ఆ గుడ్డకప్పు మడతపడి సీట్ల వెనుకనున్న మూత క్రింద దాగును.

దీనియందలి ఆకర్షణ యేమి? పైకప్పు తీసి పోవునప్పుడు గాలి ముఖమునకు తగులును. ఆకాశము తలపైననే యుండును. ప్రక్క పొలములోని గడ్డి వాసన వచ్చును. నడుపువానికిని లోకమునకును మధ్య గోడ లేదు. చదువరులారా, ఇది వినగానే మీకేమి తోచినది? మన ఎడ్లబండికి ఎన్నడు పైకప్పుండెను? కోతల కాలమున వరిమోపులమీద పండుకొని చుక్కలు చూచుచు ఇల్లు చేరిన పిల్లలు మనలో ఎందరు లేరు? ధనవంతులైన అమెరికావారు వేల డాలర్లు పోసి కొనుక్కొను ఆనందమును మన పేదరికములో దేవుడు మనకు వెల లేకయే యిచ్చెను. కాబట్టి ఆ ఆనందము పాపమని మేము చెప్పజాలము. ప్రత్యక్షపు గుడారమును చేయుటకు దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపెనని నిర్గమకాండము 31వ అధ్యాయమున చదువుచున్నాము. చేతిపనిలోని అందము దేవునికి అసహ్యమైనయెడల ఆయన అట్లు చేయడు. ఒక వస్తువు అందముగా నుండుట దోషము కాదు. దానిని మనమేమి యిమ్మని అడుగుచున్నామో అదియే ప్రశ్న.

అట్టి బండిని స్వంతము చేసికొన గోరువారిలో మూడు విధములైన కోరికలు మాకు కనబడుచున్నవి.

మొదటిది, కూడబెట్టు కోరిక. 1970వ దశకమున అమెరికాలో పైకప్పు తీయు కార్లు ఇంచుమించు కనుమరుగైనవి. కార్లలోనికి చల్లగాలి యంత్రములు వచ్చినవి. ప్రమాదమున బోర్లపడినప్పటి క్షేమమును గూర్చి ప్రభుత్వము కఠినమైన నియమములు చేయునేమోయని కంపెనీలు భయపడినవి. కార్వెట్‌లో అట్టి బండి 1975తో నిలిచిపోయెను. 1976లో కాడిలాక్ వారు తమ ఎల్డొరాడో బండియే అమెరికాలో కడపటి పైకప్పు తీయు కారని చాటిరి. వెంటనే జనులు ఎగబడి కొనిరి. కొందరు నడుపుటకు కాదు, ముందు ముందు గొప్ప వెల పలుకునని కొట్టములలో దాచిపెట్టిరి. అయితే ఏమి జరిగెను? కొన్ని యేండ్లకే అట్టి కార్లు మరల వచ్చినవి. 1984లో ఎల్డొరాడో కూడ మరల వచ్చెను. 1986లో పైకప్పు తీయు కార్వెట్ కూడ వచ్చెను. దాచినవారు కోపపడిరి, కొందరు న్యాయస్థానమునకు కూడ పోయిరి. అరణ్యములో మరునాటికని దాచుకొనిన మన్నా పురుగుపట్టిన సంగతి మనకు తెలియును గదా. గాలికొరకు చేయబడిన బండిని గాలి తగులని కొట్టములో పెట్టి తాళము వేయుటకంటె వెఱ్ఱితనమేమి?

2014 జనవరిలో అరిజోనా రాష్ట్రమందు జరిగిన వేలములో 1967వ సంవత్సరపు కార్వెట్ ఒకటి 38 లక్షల 50 వేల డాలర్లకు పోయెను. ఆ రకము బండ్లు ఆ యేడు 20 మాత్రమే చేయబడినవి. తరువాతి మాసముననే, ఫిబ్రవరి 12న తెల్లవారకమునుపు, కెంటకీ రాష్ట్రమునందలి బౌలింగ్ గ్రీన్ పట్టణములోని కార్వెట్ ప్రదర్శనశాలలో నేల క్రుంగెను. ఆ ప్రాంతము క్రింద సున్నపురాయి, గుహలు. నేల నోరు తెరచి ఎనిమిది కార్వెట్ బండ్లను మ్రింగివేసెను. దేవుని దయవలన ఆ వేళ అచ్చట మనుష్యులెవరును లేరు. ఆ యెనిమిదింటిలో 1962వ సంవత్సరపు నల్లని బండి యొకటి గలదు. మూడు బండ్లను బాగుచేసిరి. తక్కిన అయిదు నలిగినవి నలిగినట్లే యున్నవి. చిమ్మెటను, తుప్పును, దొంగను గూర్చి మన ప్రభువు హెచ్చరించెను. తుప్పు పట్టని దేహమును చేసినను, దొంగ రాని గదిలో పెట్టినను, క్రింది నేల మన చేతిలో లేదు.

రెండవది, కనబడు కోరిక. అబ్షాలోము రథమును గుఱ్ఱములను సంపాదించుకొని, తనకు ముందుగా పరుగెత్తుటకు 50 మందిని పెట్టుకొనెను. రాజకుమారునికి నడుచుటకు కాళ్లు లేకనా? జనులు చూడవలెనని. కార్వెట్ బండికిని ఇట్టి వైభవము వచ్చెను. అమెరికా వ్యోమగాములకు ఫ్లోరిడాలోని ఒక కార్ల వ్యాపారి సంవత్సరమునకు ఒక్క డాలరు అద్దెకు ఆ బండ్లనిచ్చెను. 1961 మే 5న అంతరిక్షమునకు పోయిన మొదటి అమెరికావాడు ఎలన్ షెపర్డు. ఆయనకు కార్వెట్ అనగా మహాప్రీతి. అయితే ఆయన తోడివాడైన జాన్ గ్లెన్ ప్రెస్బిటేరియను విశ్వాసి. ఆయన కొద్ది పెట్రోలుతో నడుచు ఎన్.ఎస్.యు. ప్రిన్జ్ అను చిన్న జర్మను కారులో పనికి పోవువాడు. తోడివారు ఎగతాళి చేసిరి. 1962 ఫిబ్రవరి 20న ఆ చిన్నకారు వాడును ఆకాశమునకెగసి భూమిచుట్టు మూడుమార్లు తిరిగి వచ్చెను. పెద్దకారు వాడును పోయెను, చిన్నకారు వాడును పోయెను. పోవుటకు కారు సహాయము చేయలేదు, ఆటంకమును చేయలేదు. కార్వెట్ నడిపిన షెపర్డును మేము నిందించుట లేదు, చిన్నకారు నడిపినంతమాత్రమున గ్లెన్‌ను పరిశుద్ధుని చేయుటయు లేదు. మనుష్యుని ఎత్తు అతని బండివలన పెరుగదు, తరుగదు అని మాత్రమే చెప్పుచున్నాము.

మూడవది, పోయిన కాలమును తిరిగి తెచ్చుకొను కోరిక. ఇదియే అన్నిటికంటె లోతైనది, అన్నిటికంటె జాలిగొలుపునది. ఇరువది యేండ్లవాడు అట్టి బండిని కోరును, గాని వానికి సొమ్ములేదు. అరువది యేండ్లకు సొమ్ము చేతికి వచ్చును, గాని ఆ ఇరువది యేండ్లవాడు ఎక్కడ? కాబట్టి ముసలితనమున పాతబండిని కొని, ఏండ్లతరబడి దానిని విప్పి, కడిగి, బాగుచేయుదురు. ప్రతి మర మొదట నున్నట్లే యుండవలెను. ఇంజనుమీద కొట్టిన అంకెలు బండి అంకెలతో సరిపోయినయెడల వెల మిక్కిలి హెచ్చును. అందువలన కొందరు మోసగాండ్రు పాత అంకెలను చెరిపి కొత్త అంకెలను కొట్టుదురు. ఇంత శ్రమపడి బండిని 1962లో నున్నట్లే చేయవచ్చును. అయితే దానిని నడుపువానిని ఏ పనివాడు బాగుచేయగలడు? వానికి పోయిన కండ్లచూపును, పోయిన తలిదండ్రులను ఎవడు తెచ్చియియ్యగలడు?

అయినను ఈ కోరికను ఎగతాళి చేయకుడి. పోయినది తిరిగి రావలెనని మనుష్యుడేల కోరును? దేవుడు ఆ ఆకలిని అతనిలో పెట్టెను గనుక. మిడుతలు తినివేసిన సంవత్సరములకు మారుగా తానే యిత్తునని యోవేలు ప్రవక్తద్వారా దేవుడు వాగ్దానము చేసెను. పంటను మాత్రమే కాదు, సంవత్సరములనే తిరిగి యిచ్చెదనని! అట్లు చేయగలవాడు ఆయన ఒక్కడే. ఆకలి నిజమైనదే. అయితే ఆ ఆకలితో ఆయన యొద్దకు పోవలసిన మనము అంగడి యొద్దకు పోవుచున్నాము. బండిని గాలి అడిగినయెడల గాలి యిచ్చును. అందమును అడిగినయెడల అందమును చూపును. తండ్రిని అడిగినయెడల పాపము అదేమి యియ్యగలదు? దానికి రెండు సీట్లు గలవు గాని, రెండవ సీటులో ఎవరిని కూర్చుండబెట్టుటకును దానికి శక్తి లేదు.

ఇక్కడికి వచ్చునప్పటికి మాకు మరియొక రథము జ్ఞాపకమునకు వచ్చెను. యెరూషలేమునుండి గాజాకు పోవు అరణ్యమార్గమున ఐతియొపీయుల రాణియైన కందాకే ధనాగారముపై అధికారి తన రథములో పోవుచుండెను. అదియు పైకప్పు తెరచినదేయని తలంచుచున్నాము. ఏలయనగా ఆయన చదువుచున్న మాట ప్రక్కన పరుగెత్తుచున్న ఫిలిప్పుకు వినబడెను. ఈ అధికారి ఎవడు? ధనము గలవాడు, అధికారము గలవాడు. అయితే నపుంసకుడు, పరదేశి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ప్రకారము దేవుని సమాజములో చేరుటకు వీలులేనివాడు. అనగా “దిగుము, వెలుపల నుండుము” అను మాటను తన జీవితమంతయు విన్నవాడు. ఇప్పుడు తన రథము ప్రక్కన దుమ్ములో ఒక మనుష్యుడు పరుగెత్తుచున్నాడు. ఆ అధికారి యేమి చేసెను? రథమెక్కి తన ప్రక్కను కూర్చుండుమని ఆయనను బ్రతిమాలెను.

ప్రియులారా, ఇది చదివినప్పుడు బండి వెనుక దుమ్ములో నడిచిన ఆ పిల్లవాడు మా కన్నులకు కట్టెను. బండిగలవారు లోకములో రెండు జాతులు. ఒకనికి బండి వచ్చినప్పుడు వాని నోట “దిగు” అను మాట వచ్చును. మరియొకనికి బండి వచ్చినప్పుడు వాని నోట “ఎక్కు” అను మాట వచ్చును. కట్టె బండియైనను, కార్వెట్ బండియైనను, స్వంతదారుని పరీక్ష ఇదియే. దిగుమనిపించుకొన్నవాడు తనకు బండి వచ్చినప్పుడు మరియొకని దిగుమనుట లోకమర్యాద. దిగుమనిపించుకొన్నవాడు ఎక్కుమనుట సువార్త.

ఇంకొక సంగతి కూడ చూడుడి. నీళ్లు కనబడగానే ఆ అధికారి రథమును నిలుపుమని చెప్పి, తానే దిగి నీళ్లలోనికి పోయెను. ఎవరును ఆయనను దిగుమని గద్దింపలేదు. ప్రభువు కొరకు తన యిష్టముతో దిగెను. తరువాత ఫిలిప్పు కనబడకపోయెను. ప్రక్క సీటు మరల ఖాళీ. అయినను ఆయన దుఃఖించుచు పోలేదు, సంతోషించుచు తన త్రోవను పోయెను. రథము ఆయనకు ఆ సంతోషమునియ్యలేదు. రథములో ఎక్కించుకొన్న సువార్త ఇచ్చెను.

కాబట్టి మేము ఆ సహోదరునికి రెండవ జాబు వ్రాసితిమి. మొదట మా తొందరపాటును క్షమింపుమని అడిగితిమి. తరువాత ఇట్లు వ్రాసితిమి: “కొనవచ్చును, కొనకయు నుండవచ్చును. దేవుని యెదుట మీ మనస్సాక్షి స్వతంత్రమైనది. అయితే కొనకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడి. ఆ రెండవ సీటును మీ పిల్లలకు, మీ సంఘములోని ముసలివారికి, ఎవరును పిలువనివారికి తెరచి, ఎక్కుమని చెప్పగలరా? ప్రభువు ఒకనాడు నిలుపుమనినప్పుడు, చేతులు వణకకుండ తాళపుచెవి యిచ్చి దిగగలరా? నాన్నగారిని ఆ బండి తెచ్చి యిచ్చునని ఆశింపకుండ, ఆయనను ప్రభువు చేతిలోనే విడువగలరా? ఈ మూడింటికిని అవునని చెప్పగలిగినయెడల ఆ గాలిని దేవుని వరముగా అనుభవించుడి. ఒకదానికైనను కాదని తోచినయెడల కొన్నాళ్లు ఆగుడి. బండి ఎక్కడికిని పోదు.”

ఈ మాటలు అమెరికాలోని ఒక్కనికేయని తలంచి పత్రిక మడువకుడి. మనలో కార్వెట్ లేదు గాని మోటారు సైకిలు గలదు, ఆటో గలదు, కొందరికి ట్రాక్టరు గలదు. నిన్నటిదాక నడిచినవాడు నేడు బండియెక్కగానే దారిలో నడుచువానిని చూచి చూడనట్లు పోవుట మనము ఎరుగమా? ఇంతెందుకు, మన దేవాలయములోనే చూడుడి. ప్లాస్టిక్ కుర్చీలు పదియో ఇరువదియో కొన్నాము. వాటిలో ఎవరు కూర్చుండుచున్నారు? చాపమీద ఎవరు కూర్చుండుచున్నారు? పట్టణమునుండి ఒక పెద్దమనుష్యుడు వచ్చినప్పుడు, కుర్చీలోని కూలిమనిషిని కన్నుసైగతో లేపినవారెవరు? బంగారపు ఉంగరము పెట్టుకొన్నవానిని మంచి స్థలమున కూర్చుండబెట్టి, దరిద్రుని నిలువబెట్టిన సంఘమును గూర్చి యాకోబు వ్రాసినది మన సంఘమును గూర్చియే కాదా? మా తండ్రులు ఊరి బండ్లమీదనుండి దింపబడిరి. మేము మందిరపు కుర్చీలమీదనుండి దింపుచున్నాము. ఇది వ్రాయుచుండగా మాకే సిగ్గు కలుగుచున్నది. గత క్రిస్మసునాడు మేమును అట్లే ఒక ముసలివానిని లేపితిమి.

ఆ సహోదరుడు మా రెండవ జాబునకు ప్రత్యుత్తరము వ్రాసెను. తన తండ్రి సంగతి ఎవరికిని చెప్పలేదనియు, అది తల్లికి ఇంతగా జ్ఞాపకమున్నదని తనకు తెలియదనియు, ఆ జాబు చదివి చాలసేపు ఏడ్చితిననియు వ్రాసెను. బండి ఇంకను కొనలేదు. కొనునో కొనడో తెలియదు. కొనినయెడల మాత్రము మొదట అమ్మనే ఎక్కించుకొందునని వ్రాసెను.

ఈ మాట ఆ తల్లికి చదివి వినిపించితిమి. ఆమె కండ్లు తుడుచుకొని, కొంచెము నవ్వి, “ఎక్కుతానని రాయండి అయ్యగారూ. కానీ ఆ ఊళ్లో చలంట. నేనెక్కినప్పుడు మాత్రం ఆ పైకప్పు వేయమనండి,” అనెను.

మనలను పాపపు దుమ్ములోనుండి లేపి, తన ప్రక్కను కూర్చుండబెట్టుటకు పరలోక మహిమనుండి తానే దిగివచ్చిన మన ప్రభువునకు స్తోత్రము కలుగును గాక. మన కలిగిన కొంచెములో “ఎక్కుము” అను మాట చెప్పు కృపను ఆయన మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.